కాలేజీ రెజ్లింగ్ నుంచి ప్రొఫెషనల్ ఎంఎంఏకి: మొదటి రెండేళ్లు ఎలా నడవాలి

మా ఊళ్లో ఒక చిన్న జిమ్‌లో వారానికి మూడు సాయంత్రాలు రెజ్లింగ్ క్లాసు కోచ్‌కి సాయంగా ఉంటాను. ఏప్రిల్ వచ్చిందంటే ఒకరో ఇద్దరో కుర్రాళ్లు బ్యాగు భుజాన వేసుకుని దిగుతారు. నాలుగేళ్లు కాలేజీ జట్టులో ఆడినవాళ్లు, చెవులు ముద్దకట్టి, మెడ దుంగలా ఉంటుంది. మొదటిరోజు అందరికీ దాదాపు ఒకటే జరుగుతుంది. ఎదురుగా జియుజిట్సు (నేల మీద మెడ, చేతులు, కాళ్లు బిగించి లొంగదీసే విద్య) చేసే సన్నటి మనిషి, డెబ్బై కిలోలు కూడా ఉండడు. మనవాడు ఒక్క ఊపులో రెండు కాళ్లూ పట్టి గాల్లోకి లేపి మ్యాట్ మీద వేస్తాడు, గోడ పక్కన కూర్చున్నవాళ్లు అబ్బా అంటారు, ఆ మాట ఆగేలోపే కిందున్న మనిషి చెయ్యి మనవాడి మెడ చుట్టూ బిగిసి ఉంటుంది. ఇంకో ఐదు సెకన్లకి మనవాడే అరచేత్తో మ్యాట్ మీద తట్టి ఒప్పుకుంటాడు. ఎర్రబడ్డ మొహంతో లేచి కూర్చుని, "కింద పడేసింది నేను కదా" అంటాడు.

నిజమే, పడేసింది అతనే. కాలేజీలో దానికి మూడు పాయింట్లు వచ్చేవి. ఇక్కడ మెడ పోయింది. ఈ గైడ్ అంతా ఆ తేడా గురించే. అమెరికాలో కాలేజీ రెజ్లింగ్ చేసి ప్రొఫెషనల్ ఎంఎంఏలోకి (గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ కలిసిన పోరాటం) వెళ్లాలనుకునే కుర్రాళ్ల కోసం, వాళ్ల ఇంట్లో టెన్షన్ పడుతున్న అమ్మానాన్నల కోసం, ఊరికే ఈ ఆట చూసే అభిమానుల కోసం కూడా రాస్తున్నాను. అమెరికాలో పెరుగుతున్న మన పిల్లల్లో హైస్కూల్ మ్యాట్ ఎక్కినవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఎవరైనా ఈ దారి అడిగితే చెప్పేందుకు మన భాషలో ఒకచోట ఉండాలనిపించింది.

ముందు ఒక మాట: రెజ్లర్లనే ఎందుకు వెతుకుతారు

ఎంఎంఏలో అన్నిటికన్నా పెద్ద సంస్థ యూఎఫ్‌సీ 1993లో మొదలైంది. రెండు మూడేళ్లకే రెజ్లర్లు వచ్చి ఆట తీరే మార్చేశారు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ తరఫున 1988లో ఎన్‌సీఏఏ (అమెరికాలో కాలేజీ ఆటలు నడిపే సంస్థ) చాంపియన్ అయిన మార్క్ కోల్‌మన్ 1996లో వరసగా రెండు టోర్నమెంట్లు గెలిచి, 1997 ఫిబ్రవరిలో యూఎఫ్‌సీ మొట్టమొదటి హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. ఆ తర్వాత రాండీ కూచర్, మ్యాట్ హ్యూస్, డానియల్ కార్మియర్, కమారు ఉస్మాన్, ఇలా జాబితా ఆగదు. కారణం సులువే. పోరాటం నిలబడి జరగాలా, నేల మీద జరగాలా అనేది రెజ్లర్ చేతిలో ఉంటుంది. బాక్సింగ్ తెలిసినవాణ్ణి కింద పడేయగలడు, కింద ప్రమాదకరమైనవాడితో పైనే నిలబడి పోరాడగలడు. ఈ ఎంపిక మరే విద్యా అంత గట్టిగా ఇవ్వదు.

దానికి తోడు అలవాట్లు. తెల్లవారుజామున పరుగు, బరువు చూసుకుని తినడం, ఓడిన మర్నాడే మళ్లీ మ్యాట్ ఎక్కడం, ఇవన్నీ కాలేజీలోనే ఒంటబట్టి ఉంటాయి. మన తాలింఖానాల్లో పహిల్వాన్లకి ఉండే క్రమశిక్షణ లాంటిదే.

మొదటి అడుగు: సీజన్ అయిపోగానే ఆగండి

ఎన్‌సీఏఏ డివిజన్ వన్ (కాలేజీ ఆటల్లో పై స్థాయి) చాంపియన్‌షిప్ మార్చిలో అవుతుంది. ఏప్రిల్‌లోనే జిమ్‌లో చేరి మేలో స్పారింగ్ (జిమ్‌లో ఒకరితో ఒకరు చేసే సాధన పోరాటం), జూన్‌లో ఫైట్ అని ప్లాన్ వేసుకునేవాళ్లని చూశాను, దయచేసి ఆ పని చేయకండి. నాలుగైదు సీజన్లు ఆడిన ఒంట్లో కనీసం ఒక మోకాలో, ఒక భుజమో సరిగా ఉండదు. ఎంఎంఏలో దాని మీదే తన్నులు పడతాయి. రెండు మూడు నెలలు తీసుకోండి. మోకాళ్లకి స్కాన్ తీయించండి, మెడ చూపించుకోండి, కాలేజీ డాక్టరు, ఫిజియో అందుబాటులో ఉండగానే ఈ పని చేసుకోండి, ఎందుకంటే బయటికి వచ్చాక ప్రతిదానికీ జేబులోంచి డబ్బు తీయాలి. కాలేజీలో తలకి దెబ్బలు ఎన్నిసార్లు తగిలాయో, ఎన్నిసార్లు కంకషన్ (దెబ్బకి మెదడు అదరడం) అన్నారో నిజాయితీగా రాసుకోండి. రెండు మూడుసార్లు అయినవాళ్లు న్యూరాలజిస్టుతో మాట్లాడకుండా ఈ వైపు రావద్దు.

డిగ్రీ పూర్తి చేయండి. ఇది అమ్మానాన్నల కోసం చెప్పే మాట కాదు. మొదటి మూడేళ్లు ఫైట్ల డబ్బుతో ఇల్లు గడవదు, ఏదో ఒక ఉద్యోగం పక్కన ఉండాల్సిందే, డిగ్రీ ఉంటే ఆ ఉద్యోగం మధ్యాహ్నం స్పారింగ్‌కి వీలిచ్చేది దొరుకుతుంది.

వయసు దాటిపోతుందన్న కంగారు ఉంటే కార్మియర్‌ని గుర్తుచేసుకోండి. రెండు ఒలింపిక్స్ జట్లలో ఉండి, 2009లో మొదటి ప్రొఫెషనల్ ఫైట్ చేసేనాటికి అతనికి ముప్పై ఏళ్లు. తర్వాత యూఎఫ్‌సీలో రెండు బరువుల్లో చాంపియన్ అయ్యాడు.

రెండో అడుగు: మీ కుస్తీలో ఏది పనికొస్తుందో లెక్క తీయండి

కాలేజీలో ఆడేది ఫోక్‌స్టయిల్. ఒలింపిక్స్‌లో ఉండే ఫ్రీస్టయిల్ కన్నా ఎంఎంఏకి ఇదే దగ్గర, ఎందుకంటే ఫోక్‌స్టయిల్‌లో పడేసి వదిలేస్తే సరిపోదు, పట్టి ఉంచాలి. ప్రత్యర్థిని ఒక నిమిషం ఎక్కువసేపు కింద ఉంచితే రైడింగ్ టైమ్ పాయింటు. కిందున్నవాడు లేచి తప్పించుకుంటే అతనికి పాయింటు. అంటే పైనుంచి అణచడం, లేవబోతుంటే నడుం పట్టి మళ్లీ కింద వేయడం, కింద పడితే లేచి రావడం, ఈ మూడూ ఏళ్ల తరబడి చేసి ఉంటారు. ఎంఎంఏలో బంగారం ఇవే.

పనికిరానివి కూడా ఉన్నాయి. మడమ దాకా వంగి పట్టే లో సింగిల్ దూరం నుంచి వేస్తే మోకాలు మొహానికి ఎదురొస్తుంది. తల ప్రత్యర్థి ఒంటికి బయటవైపు పెట్టే షాట్లు (కాళ్లు పట్టడానికి వంగి దూకడం) మెడని అప్పజెప్పినట్టే. కాళ్ల మధ్యలోంచి దొర్లి, పల్టీ కొట్టి పాయింట్లు తెచ్చుకునే శైలి ఉన్నవాళ్లకి అలవాటు మార్చుకోవడం అందరికన్నా కష్టం. ఒక కాగితం మీద మీ బలమైన పట్లు పది రాయండి. ఒక్కోదాని పక్కన "ఇది వేస్తున్నప్పుడు నా మెడ ఎక్కడుంది, నా వీపు ఎవరి వైపుంది" అని రాయండి. నాలుగో ఐదో మిగులుతాయి. మొదటి రెండేళ్లకి అవి చాలు.

కాలేజీ పతకాలు తక్కువని బాధపడకండి. ఉస్మాన్ చదివింది నెబ్రాస్కా కర్నీలో, అది డివిజన్ టూ, అక్కడ 2010లో చాంపియన్. 2019లో యూఎఫ్‌సీ వెల్టర్‌వెయిట్ బెల్టు గెలిచాడు. ఆల్జమెయిన్ స్టర్లింగ్ డివిజన్ త్రీ నుంచి వచ్చి చాంపియన్ అయ్యాడు.

మూడో అడుగు: జిమ్

పేరున్న జిమ్‌లు చాలానే ఉన్నాయి. కార్మియర్ శాన్ హోసేలో ఏకేఏలో తయారయ్యాడు, ఫ్లోరిడాలో అమెరికన్ టాప్ టీమ్ ఉంది. కానీ పేరు చూసి ఇల్లు మారకండి. పెద్ద జిమ్‌లో రెజ్లర్‌ని చాంపియన్ల ముందు స్పారింగ్‌కి నిలబెడతారు, మంచి టేక్‌డౌన్లు (కింద పడేసే పట్లు) వేసే పార్ట్‌నర్ దొరికాడని వాళ్లకి సంతోషం, జాబ్ (ముందుచేత్తో వేసే తిన్నటి గుద్దు) ఎలా వేయాలో మీకు మొదటి నుంచి నేర్పే తీరిక మాత్రం ఎవరికీ ఉండదు. మొదటి ఏడాది మీకు కావాల్సింది మీ పేరు తెలిసి, మీ తప్పు చూసి, క్లాసు అయ్యాక పది నిమిషాలు ఆగి దిద్దే కోచ్.

చేరేముందు ఒక వారం ఊరికే వెళ్లి చూడండి. స్పారింగ్ రోజున గోడ పక్కన కూర్చుని లెక్కపెట్టండి, ఎవరైనా తల పట్టుకుని కూలబడుతున్నారా, కూలబడితే కోచ్ ఆపుతున్నాడా, కొత్తవాణ్ణి పాతవాళ్లు వాయిస్తుంటే నవ్వుతున్నారా. నేను మొదట చేరినచోట శుక్రవారం స్పారింగ్ అంటే చిన్న యుద్ధం. రెండు నెలల్లో మూడుసార్లు తలనొప్పితో రాత్రంతా నిద్రపట్టలేదు, అది మామూలే అనుకున్నాను. మామూలు కాదు. మంచి జిమ్‌లో గట్టి స్పారింగ్ వారానికి ఒకసారి మించి ఉండదు, మిగతా రోజులు తేలిక దెబ్బలతో, ఆలోచించుకుంటూ సాగుతుంది.

పూర్తిగా రెజ్లర్లతో నిండిన జిమ్ కూడా వద్దు. అక్కడ అందరికీ ఒకటే అలవాటు కాబట్టి మీ తప్పు తప్పులా కనిపించదు.

నాలుగో అడుగు: నిలబడటం మళ్లీ నేర్చుకోండి

రెజ్లర్ నిలబడే తీరు వేరు. నడుం వంచి, తల ముందుకు పెట్టి, చేతులు కింద. తన్నులు, గుద్దులు ఉన్నచోట అలా నిలబడితే తల అప్పగించినట్టే. మొదటి ఆరు నెలలు అన్నిటికన్నా ఎక్కువ టైమ్ దీనికే పోతుంది, పోనివ్వండి.

ఒక చిన్న విషయం చాలామంది కోచ్‌లు మొదట్లో గమనించరు. కుడిచేతి వాటం ఉన్న రెజ్లర్లు చాలామంది కుడికాలు ముందు పెట్టి నిలబడతారు. బాక్సింగ్‌లో కుడిచేతి వాటంవాళ్లు ఎడమకాలు ముందు పెడతారు. కోచ్ అలవాటుగా ఎడమకాలు ముందుకు పెట్టమంటే, ఇన్నేళ్లూ వేసిన షాట్లన్నీ ఒక్కసారి మొద్దుబారిపోతాయి. తొందరపడకుండా రెండు విధాలా ఓ నెల చేసి చూడండి. కుడికాలు ముందు ఉంచుకునే వైపే టేక్‌డౌన్లు ప్రాణం అనుకుంటే అలాగే ఉండి ఎడమచేత్తో గట్టి దెబ్బ నేర్చుకోవచ్చు. ఏదో ఒకటి తేల్చుకున్నాక మళ్లీ మార్చకండి.

గుద్దులో ఆరు నెలలకి జాబ్, క్రాస్ (వెనకచేత్తో తిన్నగా), ఒక హుక్ (మోచెయ్యి వంచి పక్కనుంచి) చాలు. తన్నులో ఒక్క లో కిక్ (కాలి మీద పడే తన్ను), దాంతోపాటు ఎదుటివాడి లో కిక్‌ని మోకాలు లేపి అడ్డుకోవడం. బరువంతా ముందుకాలి మీద వేసుకుని నిలబడే రెజ్లర్‌కి పిక్క మీద పడే తన్ను నాలుగు తగిలితే కాలు లేవదు. కాలు లేవకపోతే షాట్ లేదు.

జాబ్‌ని షాట్‌కి తలుపులా వాడటం నేర్చుకోవాలి. ఖాళీగా, ఏ దెబ్బా చూపించకుండా దూరం నుంచి కాళ్ల మీదికి దూకడం కాలేజీలో కుదురుతుంది. ఇక్కడ ఎలా ఉంటుందో బెన్ ఆస్క్రెన్ పోరాటం చూడండి. మిసోరి తరఫున 2006, 2007లో ఎన్‌సీఏఏ చాంపియన్, ఒలింపియన్, అప్పటిదాకా ప్రొఫెషనల్‌గా ఒక్క ఓటమీ లేదు. 2019 జూలైలో యూఎఫ్‌సీ 239లో గంట కొట్టగానే తల దించి ముందుకు వంగాడు, ఎదురుగా హోర్హే మాస్విడల్ పరుగెత్తుకొచ్చి ఎగిరి మోకాలితో కొట్టాడు. ఐదు సెకన్లు. యూఎఫ్‌సీలో అతి వేగంగా ముగిసిన నాకౌట్ అదే. ఆస్క్రెన్ చేతగానివాడు అని ఎవరూ అనలేరు. అంత గొప్ప కుస్తీ ఉన్నా తల ఎక్కడుందనేదే తేల్చేసింది.

ఐదో అడుగు: వెల్లకిలా పడటం నేర్చుకోండి

ఇది అన్నిటికన్నా ముఖ్యం, అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

ఏ కుస్తీలోనైనా చిన్నప్పటి నుంచి ఒంట్లో నాటుకుపోయే భయం ఒకటే, వీపు నేలకి తగలకూడదు. తగిలితే చిత్తు. మన మట్టి గోదాలోనూ అంతే, అయోవా కాలేజీ మ్యాట్ మీదా అంతే. అందుకే రెజ్లర్ కింద పడుతుంటే ఆలోచించకుండానే బోర్లా తిరుగుతాడు, మోచేతులు, మోకాళ్ల మీద తాబేలులా ముడుచుకుంటాడు. కాలేజీలో అది ప్రాణం కాపాడే పని. ఎంఎంఏలో అలా తిరిగిన మరుక్షణం ప్రత్యర్థి వీపెక్కి, రెండు మడమలూ తొడల లోపలికి దిగేసి, ముంజేయి గొంతు కిందికి పోనిస్తాడు. వెనకనుంచి వచ్చే చోక్‌ని చూడలేరు, కొట్టలేరు. పైగా బోర్లా ఉన్నవాడి తల పక్కన గుద్దులు పడుతుంటే అడ్డుకోవడానికి చేతులుండవు, రిఫరీ ఆపేస్తాడు.

ఈ అలవాటు మాటలతో పోదు. మా జిమ్‌లో చేయించే పద్ధతి చెబుతాను. కొత్తగా వచ్చిన రెజ్లర్‌ని ప్రతి క్లాసులో మొదటి పదిహేను నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టి మొదలుపెడతాం. పైన మనిషి ఉంటాడు, పని ఒక్కటే, బోర్లా తిరగకూడదు. తిరిగితే రౌండు మళ్లీ మొదటినుంచి. కాళ్లతో నడుం పట్టుకో, మోకాలు మధ్యలోకి దూర్చు, తుంటి పక్కకి జరుపు, చంక కింద చెయ్యి పెట్టి లే. మొదటి వారం వాళ్ల మొహాలు చూస్తే జాలేస్తుంది, నీళ్లలో పడ్డవాళ్లలా కొట్టుకుంటారు. ఓ ఆరేడు వారాలకి ఒకరోజు హఠాత్తుగా, పైనున్నవాడు తోస్తే వెల్లకిలా పడి కూడా కంగారు పడకుండా అక్కడే ఊపిరి తీసుకుంటారు. ఆ రోజు నుంచి మిగతావన్నీ వేగంగా వస్తాయి.

రెండోది మెడ. టేక్‌డౌన్‌లో తల లోపలివైపు, చెవి ప్రత్యర్థి రొమ్ముకి అంటుకుని, చూపు పైకి. గిలటిన్ (ముందునుంచి మెడ చుట్టి బిగించే పట్టు) పడితే లేపి విసిరేయడం కాలేజీ అలవాటు, లేపితే పట్టు ఇంకా బిగుస్తుంది. ముందు గొంతు మీదున్న చేతిని రెండు చేతులా పట్టుకోవాలి, అతని ఒంటికి ఏ వైపు తల ఉందో దానికి ఎదురువైపు జరగాలి, భుజంతో మొహం మీద బరువు వేయాలి, అప్పుడే తల బయటికి వస్తుంది. దీన్ని అలసిపోయాక చేయండి, తాజాగా ఉన్నప్పుడు ఎవరైనా చేస్తారు.

మూడోది కాళ్లు. మిన్నెసోటా తరఫున 2000లో ఎన్‌సీఏఏ హెవీవెయిట్ చాంపియన్ అయిన బ్రాక్ లెస్నర్ 2008 ఫిబ్రవరిలో యూఎఫ్‌సీలో మొదటి పోరాటం చేశాడు. ఫ్రాంక్ మీర్‌ని పడేసి పైనుంచి గుద్దుల వాన కురిపించాడు. సరిగ్గా నిమిషంన్నర దగ్గర మీర్ కిందనుంచే లెస్నర్ కాలు పట్టి నీబార్ (మోకాలు విరిచే పట్టు) బిగించాడు, లెస్నర్ ఒప్పుకున్నాడు. అదే ఏడాది నవంబరులో కూచర్‌ని ఓడించి చాంపియన్ అయ్యాడనుకోండి, కానీ ఆ నిమిషంన్నర వీడియో ప్రతి రెజ్లర్ పదిసార్లు చూడాలి. మన రెజ్లర్ రీతూ ఫోగట్ 2021 డిసెంబరులో వన్ చాంపియన్‌షిప్ అనే ఎంఎంఏ సంస్థ టోర్నమెంట్ ఫైనల్లో ఓడింది కూడా కిందనుంచి వేసిన ఆర్మ్‌బార్‌కే (మోచెయ్యి విరిచే పట్టు), అదీ ప్రత్యర్థి స్టాంప్ ఫేర్‌టెక్స్ అసలు కిక్‌బాక్సర్ అయ్యుండి.

జియుజిట్సులో బ్లూ బెల్టు (తెల్ల బెల్టు తర్వాతిది) స్థాయి వచ్చేదాకా ప్రొఫెషనల్ ఫైట్ ఒప్పుకోవద్దని నా గట్టి అభిప్రాయం. బెల్టు కట్టుకోనక్కర్లేదు, ఆ స్థాయి వాళ్లతో పది నిమిషాలు దొరక్కుండా ఉండగలిగితే చాలు.

ఆరో అడుగు: కంచె

కాలేజీలో మ్యాట్ అంచు దాటితే విజిల్ వేసి మధ్యలోకి తెస్తారు. ఇక్కడ అంచున కంచె ఉంటుంది, సగం పోరాటం అక్కడే జరుగుతుంది. కంచెకి ఆనుకున్నవాడు పడటం కష్టం, వీపుకి ఆసరా ఉంది కదా. అతన్ని అక్కడినుంచి పడేయాలంటే రెండు మోకాళ్ల వెనక చేతులు కలిపి, కాళ్లు దగ్గరకి లాగి, పక్కకి తిప్పాలి. కింద కూర్చున్నాక కాళ్లని మీ కాళ్లతో కట్టేసి, ఒక మణికట్టు వీపు వెనకనుంచి పట్టుకుంటే లేవడానికి అతనికి ఒక్క చెయ్యే మిగులుతుంది. ఇది రష్యాలోని దగిస్తాన్ ఫైటర్ల నుంచి అందరూ నేర్చుకున్నారు. కాలేజీలో రైడింగ్ బాగా చేసినవాళ్లకి నెలలో వచ్చేస్తుంది.

రూల్స్ మారుతుంటాయి, చదవండి. 2024 నవంబరు నుంచి వచ్చిన ఏకరూప నిబంధనల్లో చేతులు, పాదాలు మాత్రమే నేలకి తగిలి ఉంటే ఆ మనిషి నేల మీద ఉన్నట్టు కాదు. అంటే షాట్ ఆగిపోయి చేతులు కింద ఆన్చి వంగి ఉన్న రెజ్లర్ తలకి మోకాలి దెబ్బ చెల్లుతుంది. మోకాలు ఆనితే చెల్లదు. మీ రాష్ట్రంలో కమిషన్ (ఫైట్లకి అనుమతిచ్చే సంస్థ) ఏ రూల్ పాటిస్తోందో ఫైటర్ల మీటింగ్‌లో అడగండి.

జడ్జిలు కూడా టేక్‌డౌన్‌కి పాయింటు లెక్కన మార్కులు వేయరు. పడేశాక ఏం చేశారనేదే చూస్తారు, దెబ్బ ఎంత తగిలింది, ముగించేదాకా ఎంత దగ్గరికి వెళ్లారు అని. మూడుసార్లు పడేసి ఊరికే పట్టుకుని కూర్చుని, పైకి లేచాక రెండు గట్టి గుద్దులు తింటే రౌండు పోయిందనే అనుకోండి.

ఏడో అడుగు: ఊపిరి

కాలేజీ బౌట్ మూడు, రెండు, రెండు, మొత్తం ఏడు నిమిషాలు. ప్రొఫెషనల్ ఫైట్ ఐదు నిమిషాల రౌండ్లు మూడు. పైగా గుద్దు తగులుతుందన్న టెన్షన్‌తో ఊపిరి బిగబట్టే అలవాటు, గ్లవ్స్, నోట్లో గార్డు. కోల్‌మన్ బెల్టు పోయింది ఇలాగే. 1997 జూలైలో మారిస్ స్మిత్ అనే కిక్‌బాక్సర్ కిందపడి కూడా ఓపిగ్గా కాచుకున్నాడు, కోల్‌మన్ ఆయాసంతో చేతులు నడుం మీద పెట్టుకునేదాకా ఆగి, ఇరవై ఒక్క నిమిషాల తర్వాత నిర్ణయంతో గెలిచాడు. కండబలంతో ప్రతి పట్టూ వందశాతం పెట్టి లాగడం మానేయాలి. స్పారింగ్‌లో ప్రతి టేక్‌డౌన్ తర్వాత ముక్కుతో మూడు ఊపిరులు తీయడం ఒక నియమంగా పెట్టుకోండి, పైనున్నది మీరే కాబట్టి తొందరేమీ లేదు.

ఎనిమిదో అడుగు: బరువు

ఈ విషయంలో భయపెట్టడానికి వెనకాడను. 1997 నవంబరు, డిసెంబరు నెలల్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు బరువు తగ్గించుకుంటూ చనిపోయారు. ఆ తర్వాతే ఎన్‌సీఏఏ ఆవిరి గదులు, రబ్బరు సూట్లు నిషేధించి, సీజన్ ముందే ఒంట్లో నీరు, కొవ్వు కొలిచి కనీస బరువు నిర్ణయించడం మొదలుపెట్టింది. బరువు కూడా పోటీకి గంట రెండు గంటల ముందే చూస్తారు కాబట్టి ఎక్కువ తగ్గే అవకాశం లేదు.

ప్రొఫెషనల్ ఎంఎంఏలో బరువు చూసేది ముందురోజు. మధ్యలో రోజంతా ఉందనగానే ఎనిమిది, పది కిలోల నీరు తీసేసే పాత పిచ్చి మళ్లీ మొదలవుతుంది, కాపు కాసే కాలేజీ ట్రైనర్ ఇక్కడ లేడు. కార్మియర్ 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో బరువు తగ్గించుకుని కిడ్నీలు దెబ్బతిని ఆస్పత్రి పాలయ్యాడు, ఒక్క బౌటూ ఆడలేదు. అందుకే ఎంఎంఏలో హెవీవెయిట్‌లో మొదలుపెట్టాడు. రెండుసార్లు ఎన్‌సీఏఏ చాంపియన్, యూఎఫ్‌సీ చాంపియన్ జానీ హెండ్రిక్స్ కూడా 2015లో బరువు తగ్గిస్తూ ఆస్పత్రిలో చేరితే ఫైట్ రద్దయింది.

మొదటి నాలుగైదు ఫైట్లు కాలేజీలో ఆడిన బరువుకి దగ్గరలోనే చేయండి. 174 పౌండ్లవాళ్లు 170లో, 184వాళ్లు 185లో. 157 పౌండ్లవాళ్లు 155లో ఉండండి, 145కి దిగుదామని ఎవరన్నా వినకండి. ఇప్పుడు యూఎఫ్‌సీలో ఉన్న బో నికల్ కాలేజీ చివరి ఏడాది 197లో గెలిచాడు, ఎంఎంఏలో 185లో ఆడుతున్నాడు, కానీ అతని చుట్టూ ఉన్న నిపుణులు మనకుండరు.

తొమ్మిదో అడుగు: అమెచ్యూర్ ఫైట్లు

వీటిని దాటేయాలని చూడకండి. మూడు నిమిషాల రౌండ్లు, చాలా రాష్ట్రాల్లో మోచేతి దెబ్బలు ఉండవు, ఓడినా ప్రొఫెషనల్ రికార్డులో పడదు. కనీసం మూడు, వీలైతే ఐదు చేయండి. ప్రత్యర్థుల్లో ఒకడైనా మంచి కిక్‌బాక్సర్, ఒకడైనా జియుజిట్సు మనిషి ఉండేలా కోచ్‌ని అడగండి, ఊరికే గెలిచే ఫైట్లు ఐదు చేసి లాభం లేదు. ఒకదాన్ని మొదటి రౌండంతా టేక్‌డౌన్ లేకుండా నిలబడి ఆడండి. కష్టంగా ఉంటుంది, కానీ దెబ్బ తగిలినప్పుడు మీ తల ఏం చేస్తుందో తెలిసేది అప్పుడే.

నికల్ కాలక్రమం కొలతగా పెట్టుకోవచ్చు. మూడుసార్లు ఎన్‌సీఏఏ చాంపియన్, 2021 ఏప్రిల్‌లో ఒలింపిక్ ట్రయల్స్ అయ్యాక అదే ఏడాది అమెచ్యూర్ మొదలుపెట్టాడు, 2022 జూన్‌లో మొదటి ప్రొఫెషనల్ ఫైట్, 2023 మార్చిలో యూఎఫ్‌సీ. అతనికే అంత పట్టింది. మామూలు కాలేజీ రెజ్లర్ దానికి రెండింతలు లెక్కేసుకోవాలి.

పదో అడుగు: కాగితాలు, డబ్బు, వీసా

ప్రతి రాష్ట్రంలో అథ్లెటిక్ కమిషన్ లైసెన్సు ఇస్తుంది. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ రక్తపరీక్షలు, కంటి పరీక్ష, డాక్టరు సర్టిఫికెట్ అడుగుతారు, కొన్నిచోట్ల మెదడు స్కాన్ కూడా. వీటి గడువు తేదీలు ఫోన్‌లో పెట్టుకోండి, చివరి వారంలో పరిగెత్తకుండా.

డబ్బు మాట్లాడుకుందాం. చిన్న షోల్లో మొదటి ఫైట్లకి వచ్చేది వందల్లో, మహా అయితే వేయి రెండు వేల డాలర్లలో. సాధారణంగా పోరాడినందుకు కొంత, గెలిస్తే మళ్లీ అంతే. యూఎఫ్‌సీలో కొత్తవాళ్లకి కూడా చాలాకాలం పది, పన్నెండు వేల డాలర్లు, గెలిస్తే ఇంకో అంత, ఇదే మొదటి మెట్టు. అందులోంచి మేనేజర్‌కి, జిమ్‌కి, కోచ్‌ల విమానం టికెట్లకి, ట్యాక్సుకి పోవాలి. ఫైటర్ ఉద్యోగి కాదు, ఇండిపెండెంట్ కాంట్రాక్టర్, ట్యాక్సు ఎవరూ పట్టుకోరు, మీరే పక్కన పెట్టాలి. టికెట్లు అమ్మితేనే డబ్బిస్తామనే ప్రమోటర్లు ఉంటారు. ఒకసారి మా కుర్రాడికి ఫైట్‌కి రెండు రోజుల ముందు ప్రత్యర్థిని మార్చారు, ఒప్పుకోకపోతే మాకు టికెట్ల డబ్బు ఇవ్వం అన్నారు. కాంట్రాక్టులో ఆ లైను ఉంది, మేం చదవలేదు. సంతకానికి ముందు చూడాల్సినవి: ప్రత్యర్థి మారితే తప్పుకునే హక్కు, ఫైట్ రద్దయితే ఎంత ఇస్తారు, ఎన్ని ఫైట్లకి కట్టిపడేస్తున్నారు, పెద్ద సంస్థ పిలిస్తే వదులుతారా లేదా. ఆ చివరిది లేని కాంట్రాక్టు మీద సంతకం వద్దు.

మనవాళ్ల కోసం ప్రత్యేకంగా వీసా సంగతి. ఎఫ్-1 మీద ఉన్న విద్యార్థి అనుమతి లేకుండా కాలేజీ బయట డబ్బు తీసుకునే పని చేయకూడదు. ఫైట్ పర్సు కూడా డబ్బే. హెచ్-4 మీద ఉన్న పిల్లలకీ అంతే. "చిన్న షో, క్యాష్ ఇస్తారు, ఎవరికి తెలుస్తుంది" అనే మాట వినకండి, ఫైట్ ఫలితాలు ఇంటర్నెట్‌లో పేరుతో సహా శాశ్వతంగా ఉంటాయి. సంతకానికి ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవండి. అంతర్జాతీయ స్థాయి గుర్తింపు ఉన్న ఆటగాళ్లకి పీ-1 వీసా ఉంది, అది తర్వాతి సంగతి. డబ్బు తీసుకోని ఆటలోనే అప్పటిదాకా అనుభవం పెంచుకోవచ్చు, అయినా అమెచ్యూర్ ఫైట్ ఒప్పుకునేముందు కూడా ఒక మాట అడగడం మంచిది.

ఇంట్లో చెప్పడం గురించి కూడా. దాచి పెట్టి, ఫైట్ వీడియో ఎవరో వాట్సాప్‌లో పంపితే అమ్మ చూడటం కన్నా ఘోరం లేదు. ముందే కూర్చోబెట్టి మాట్లాడండి. ఎన్నేళ్లు ప్రయత్నిస్తారు, ఏ దెబ్బ తగిలితే ఆపేస్తారు, ఇన్సూరెన్స్ ఏది, ఈ మూడూ కాగితం మీద రాసి చూపించండి. "కొట్టుకోవడానికేనా ఇంత చదివించింది" అని అంటారు, అననివ్వండి. ఒక అమెచ్యూర్ ఫైట్‌కి నాన్నని తీసుకెళ్లండి, డాక్టరు కేజ్ పక్కనే కూర్చోవడం ఆయన కళ్లారా చూస్తే కొంత తేలికపడతారు.

పదకొండో అడుగు: మొదటి ఐదు ప్రొఫెషనల్ ఫైట్లు

ఏడాదికి మూడు చాలు. రికార్డు 5-0 (ఐదు గెలుపులు, ఓటమి లేదు) అయ్యిందని వెంటనే పెద్దవాళ్లని పిలవకండి. నికల్ వరసగా గెలుస్తూ వచ్చి, 2025 మేలో రైనియర్ డి రిడర్ చేతిలో రెండో రౌండులో కడుపు మీద మోకాలి దెబ్బకి ఆగిపోయాడు. డి రిడర్ జియుజిట్సు, జూడో బాగా వచ్చినవాడు, పొడగరి, పట్టుల్లో అలసిపోనివ్వకుండా తిరిగి పోరాడాడు. ఎన్నేళ్ల కుస్తీ ఉన్నా ఎంఎంఏ గంటలు తక్కువైనప్పుడు ఇలాంటివాడు ఒకడు ఎదురవుతాడు, ఆ రోజు ఆరో ఫైట్‌లో కాకుండా పదో ఫైట్‌లో రావాలి.

నాకౌట్ అయితే కమిషన్ నెలో రెండు నెలలో స్పారింగ్ కూడా చేయకూడదని మెడికల్ సస్పెన్షన్ ఇస్తుంది. దానికి ఇంకో నెల మీరే కలపండి. ఆ రోజుల్లో ఊరికే ఇంట్లో కూర్చోకుండా, తల తగలని పని ఏదైనా చేయొచ్చు. మా కుర్రాడొకడు మొదటి ఓటమి తర్వాత ఆ మూడు నెలలూ పిల్లల క్లాసులో సాయం చేశాడు. పదేళ్ల పిల్లలకి టేక్‌డౌన్‌లో తల ఎక్కడ పెట్టాలో రోజుకి నలభైసార్లు చెబుతుండేవాడు, చెవి రొమ్ముకి, చూపు పైకి, చెవి రొమ్ముకి, చూపు పైకి. సస్పెన్షన్ అయిపోయి మళ్లీ స్పారింగ్‌కి వచ్చిన సాయంత్రం అతను వేసిన మొదటి షాట్ నేను పక్కనే నిలబడి చూశాను. ఆ సన్నటి జియుజిట్సు మనిషే ఎదురుగా ఉన్నాడు, చెయ్యి మెడ కోసం వచ్చింది, దొరకలేదు.